తెల్లారి కొళాయి తిప్పగానే వచ్చే నీళ్ళు

వదినగారూ, పొయ్యి కట్టేసి ఒక్కసారిలా గోడ దగ్గరకి రండి. మీ కోడలు తెల్లారగట్లే లేచి పాపకి డబ్బాపాలు కలుపుతోంది కదా, ఏ కొళాయి నీళ్ళండీ? వంటింట్లోదేనా? ఆ నీళ్ళలో సీసం ఉందేమోనని రాత్రి నుంచీ నాకొకటే ఆలోచన.

కాచే కలుపుతోందా? కాస్తే క్రిములు చస్తాయండి, సీసం పోదు. నీళ్ళు ఆవిరైన కొద్దీ సీసం పాళ్ళు పెరుగుతాయి కూడాను. దానికి రంగూ రుచీ వాసనా ఉండవు. గోదారికి ఎర్రనీళ్ళొస్తే పటిక తిప్పి తేరుస్తాం, కంటికి కనపడుతుంది కాబట్టి. ఇది కనపడదే! ఫిల్టరు కుర్రాడు వచ్చి మీటరు ముంచి నూటేభై చూపించి వెళ్తాడు చూడండి, ఆ టీడీఎస్ మీటరుకీ అందదు. అది నీళ్ళలో కరిగిన ఉప్పులన్నీ కలిపి లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని చెబుతుందంతే. సీసానికి మన దేశంలో పెట్టిన హద్దు లీటరుకి 0.01 మిల్లీగ్రాము. నూటేభైలో అదెక్కడ తేలుతుంది?

ఏలూరు గొడవ గుర్తుందిగా, 2020 డిసెంబరు మొదటివారం. వన్ టౌన్‌లో ఉన్నట్టుండి జనం మూర్ఛొచ్చి పడిపోయారు. నోట నురగ, స్పృహ లేదు, కాసేపటికి మళ్ళీ లేచి కూర్చోవడం. వారం తిరక్కుండా ఆరొందల మంది దాకా ఆస్పత్రికెళ్ళారు, ఒకాయన చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు రక్తం చూసి సీసం, నికెల్ ఉన్నాయన్నారు. ఇంకేముంది, అందరి చూపూ కొళాయి మీదే. తీరా చూస్తే మునిసిపల్ నీళ్ళు తాగని వాళ్ళూ పడ్డారు. చివరికి డిసెంబరు 16న ఎయిమ్స్ వాళ్ళూ, నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళూ పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణమని ప్రభుత్వానికి చెప్పారు. ఆ నాలుగు రోజులూ ఏ నీళ్ళు తాగాలో, ఏ కూర వండాలో తెలీక జనం పడ్డ అవస్థ ఉంది చూడండి, అది తలుచుకుంటేనే నాకు బాధేస్తుంది. మామూలు రోజుల్లోనే ఎవరింటి నీళ్ళలో ఏముందో ఒక కాగితం ఉండి ఉంటే అంత గుడ్డిగా వెతుక్కునే పని ఉండేది కాదు కదా.

అసలు సీసం సాధారణంగా అలా ఒక్క రాత్రిలో పడేసే రకం కాదండి, చాపకింద నీరే. ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. పసిపిల్లలకైతే మెదడు ఎదిగే వయసు, చదువు మీదా బుద్ధి మీదా దెబ్బ కొడుతుంది. ఇంత వరకూ ఫరవాలేదు అనే లెక్క పిల్లలకి లేదనే డాక్టర్లంటారు.

మనది గోదారి నీళ్ళు, సీసం ఎక్కడిదంటారా? ఏట్లోంచే రానక్కర్లేదండి, మన గోడలోంచి వస్తుంది. క్రోమ్ పూత పూసి తళతళలాడే ఇత్తడి కొళాయిల్లో చెక్కడానికి వీలుగా కాస్త సీసం కలుపుతారు. పీవీసీ గొట్టాలు వేడికి చెడిపోకుండానూ సీసం వేసేవారు. దాన్ని అదుపు చెయ్యమని కేంద్రం 2021లో నిబంధనలే తెచ్చింది. మరి మీ ఇంటి గొట్టాలు అంతకు ముందువేగా! అమెరికాలో ఫ్లింట్ అనే ఊళ్ళో 2014లో ఖర్చు కలిసొస్తుందని నీళ్ళు తీసుకునే చోటు మార్చారు. గొట్టాలు తినెయ్యకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత గొట్టాల్లోని సీసం దిగి పిల్లల రక్తంలో తేలింది.

అందుకే పరీక్షకి నీళ్ళు పట్టడంలోనే ఉంది కిటుకంతా. పగలు గలగలా పారే నీళ్ళు పట్టిస్తే ఏమీ రాకపోవచ్చు. రాత్రి కొళాయి కట్టేశాక ఆరు గంటలైనా ఎవరూ ముట్టుకోకూడదు. గొట్టంలో నిలవున్న ఆ నీళ్ళే, తెల్లారి తిప్పగానే, ఒక్క చుక్క వదలకుండా మొదటి లీటరు పట్టాలి. తర్వాత కొన్ని నిమిషాలు ధారగా వదిలేసి, వేరే బాటిల్‌లో రెండో లీటరు. వీధి కొళాయికి నీళ్ళొచ్చినప్పుడు ఇంకోటి పడితే మరీ మంచిది. మొదటిదాంట్లోనే ఎక్కువుంటే తప్పు మన ఇంటి కొళాయిదీ గొట్టానిదీ. వీధిదాంట్లోనూ ఉంటే అప్పుడు మునిసిపాలిటీ వాళ్ళని గట్టిగా అడగొచ్చు.

బాటిళ్ళు ల్యాబు వాళ్ళనే అడిగి తీసుకోవాలి, ఇంట్లో కూల్‌డ్రింకు సీసాలు కడిగి పట్టకూడదు. నీళ్ళ పరీక్ష అంటే చాలా చోట్ల ఉప్పదనం, గట్టిదనం, ఫ్లోరైడు చూసి ఊరుకుంటారు. ఊళ్ళల్లో రంగు మారే కిట్లతో చేసేదీ అంతే. ‘సీసం చూడాలండీ’ అని విడిగా చెప్పి రాయించుకోవాలి. కాగితం మీద బీడీఎల్ అని వేస్తే, అంటే మా మిషనుకి అందలేదు అని, అక్కడితో సంతోషించి వచ్చెయ్యకండి. మీ మిషను ఎంత దాకా పట్టగలదని అడగండి. 0.05 కంటే తక్కువైతే దానికి కనపడదంటే ఆ కాగితం మనకెందుకూ కొరగాదు, మన హద్దే 0.01 కదా.

ఫలితం వచ్చేదాకా కోడలికి ఒక్కటి చెప్పండి. పొద్దున్నే మొదట వచ్చే నీళ్ళు వాకిట్లో కళ్ళాపికి వాడెయ్యమనండి. పాలకీ, కాఫీ డికాక్షనుకీ, అన్నంలోకీ ఆ తర్వాతివి పట్టుకోమనండి. గీజరు నీళ్ళు వేడిగా ఉన్నాయి కదాని వంటకి మాత్రం పట్టనివ్వకండి, వేడినీళ్ళకి సీసం ఇంకా తేలిగ్గా దిగుతుంది. ఇంట్లో ఆర్వో ఉంటే అది సీసాన్ని చాలా మటుకు ఆపుతుంది, పొర వేళకి మార్పిస్తేనే సుమండీ.

రేపు సాయంత్రం ల్యాబుకి వెళ్ళి బాటిళ్ళు తెస్తున్నాను, మీకూ తేనా? రాత్రి పడుకున్నాక ఆ వంటింటి కొళాయి ఎవరూ తిప్పకుండా మాత్రం చూడండి. మీ అబ్బాయికి అర్ధరాత్రి లేచి నీళ్ళు తాగే అలవాటుంది కదా, మంచం పక్కనే చెంబు పెట్టెయ్యండి.