పాతికేళ్ల పాత బగ్గు

సాఫ్ట్‌వేర్ వాడికి గుండె జబ్బుల గొడవ ఎందుకయ్యా అంటారా? కారణం మా చిన్నమ్మ.

చిన్నమ్మది చంద్రగిరి పక్కన పల్లె. రెండేళ్లుగా ఆయాసం. దగ్గర్లోని డాక్టరు ఉబ్బసం అని మందులిచ్చాడు. రాత్రిళ్లు పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. "వయసైపోతా ఉండాది నాయనా" అనేది. ఎంతా, ముప్పై ఆరు! బెంగుళూరు నుంచి వచ్చినప్పుడు బలవంతంగా తిరుపతి స్విమ్స్‌కి తీసుకుపోయాను. గుండె చప్పుడు వినగానే డాక్టరు ఎకో రాశారు. ఎడమ వైపు మైట్రల్ కవాటం ఇరుకైపోయింది. రుమాటిక్ గుండె జబ్బు.

"చిన్నప్పుడు కీళ్లు వాచాయా?" అని అడిగారు. అమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. ఐదో తరగతిలో చిన్నమ్మకి గొంతునొప్పి, తర్వాత మోకాళ్లు వాచి నెలరోజులు బడి మానేసిందట. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా గొంతులో చేరితే, రెండు మూడు వారాలకి కొందరు పిల్లల్లో రోగనిరోధక శక్తి పొరపాటున సొంత కీళ్ల మీద, గుండె కవాటాల మీద పడుతుంది. కీళ్లవాపు తగ్గిపోతుంది, కవాటం మీద మచ్చ ఉండిపోతుంది. ఎప్పుడో కోడ్‌లో దూరిన బగ్గు ఇవాళ క్రాష్ చేసినట్టు.

దీని గురించి వెతుకుతుంటే చాగస్ జబ్బు కనబడింది. 1909లో బ్రెజిల్‌లో కార్లోస్ చాగస్ కనిపెట్టాడు. అక్కడ నిజంగానే బగ్గు! మట్టిగోడల పగుళ్లలో ఉండే రక్తం తాగే పురుగు. దాని వల్ల ఒంట్లో చేరిన పరాన్నజీవి, ఏళ్లూ పూళ్లూ గడిచాక కొందరి గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. జబ్బులు వేరు, కథ ఒకటే. పేదింట్లో చిన్నప్పుడు సోకడం, పెద్దయ్యాక బయటపడటం.

చిన్నమ్మకి బెలూన్ వేశారు. తొడ దగ్గర సిరలోంచి పంపి ఇరుకైన కవాటాన్ని విప్పుతారు. జపాన్ డాక్టరు ఇనోవే 1984లో ప్రకటించిన పద్ధతి. ఛాతీ కొయ్యక్కర్లేదు.

అసలు పోరు తర్వాతే. మళ్లీ దెబ్బ తగలకుండా 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది, ఏళ్ల తరబడి. సూది బాగా నొప్పి. క్లినిక్‌లోనేమో రియాక్షన్ భయంతో వెయ్యం పొమ్మంటారు. తిరుపతికి పోతే ఆ రోజు కూలి పాయె. నాకు చెప్పకుండా రెండుసార్లు ఎగ్గొట్టింది. కోప్పడితే "ఆయాసం పోయింది కదా, ఇంకెందుకు?" అంది.

నా దగ్గర లాజిక్ ఉంది గానీ ఆమెకి కావాల్సింది కూలి. ఇప్పుడు ఆ రోజు కూలి, బస్సు చార్జీ నేనే పంపుతున్నాను. రిమైండర్ నా ఫోన్లో పెట్టుకున్నాను.

మీ ఇంట్లో పిల్లలకి గొంతునొప్పి తగ్గాక కీళ్లు ఒకదాని తర్వాత ఒకటి వాస్తే, ఎదిగే నొప్పులని వదిలెయ్యకండి. ఆ వారమే డాక్టరుకి చూపించండి.