తూకం చూసిన తరువాతే సంతకం

స్థానిక సంస్థలలో అవినీతి అనగానే మనవాళ్ళు పెద్ద పెద్ద కంట్రాక్టుల మాట ఎత్తుతారు. నాకు మాత్రం ముందుగా గుర్తుకు వచ్చేది బ్లీచింగు పౌడరు బస్తా.

మా పెదనాన్నగారు ఒక చిన్న స్థానిక సంస్థలో చాలా ఏళ్ళు స్టోరు గుమాస్తాగా పనిచేశారు. ఊరి పేరు ఇక్కడ అనవసరం. సరుకు దిగగానే బిల్లు పక్కన పెట్టి, ముందు కాటా తెమ్మనేవారు. బస్తామీద అచ్చువేసిన తూకానికీ లోపలి సరుకుకూ తేడా వస్తే, వచ్చినంతే స్టాకు రిజిస్టరులో రాసేవారు. "తగ్గింది రెండు కిలోలే గదా బాబూ!" అని కంట్రాక్టరు నవ్వితే, "నూతిలో పడేదీ ఆ రెండు కిలోలు తక్కువే గదా నాయనా!" అనేవారు. పెద్దమ్మకు ఇదంతా తలనొప్పి. పండుగనాడు ఎవరో పంపిన మిఠాయి పొట్లాన్ని, మేము పిల్లలం చూస్తుండగానే, ఆయన తిప్పి పంపేశారు. ఆ బాధ మాకు చాలాకాలం ఉండేది.

టెండరు ఎంత సక్రమంగా పిలిచినా, సరుకు దిగేచోట సంతకం పెట్టేవాడు తలతిప్పుకుంటే అంతా వృథా. టెండరు తప్పించుకొనే ఉపాయాలూ లేకపోలేదు. పెద్ద కొనుగోలును చిన్న ముక్కలు చేయడం అందులో ఒకటి. కేంద్రప్రభుత్వపు 2017 సాధారణ ఆర్థిక నిబంధనలు దీన్ని స్పష్టంగా నిషేధించాయి. మూడు దుకాణాల కొటేషన్లూ ఒకే చేతిరాతలో ఉండడం మరొకటి. రాజధనం అపహరించే మార్గాలు నలభై అని కౌటిల్యుడు ఏనాడో అర్థశాస్త్రంలో లెక్కకట్టాడు. ఆయనకు కొటేషన్ల సంగతి తెలియదు, పాపం!

గంజాం 1936లో మద్రాసు రాజధాని నుండి ఒడిశాలో చేరింది. ఆనాటినుండీ అస్కాలో పన్నులు కడుతున్న తెలుగు ఇళ్ళు ఎన్నో. అయినా ఎన్.ఏ.సి. ఆఫీసు మెట్లు ఎక్కవలసివస్తే, "మనకెందుకు, మనం బయటివాళ్ళం" అనే సంకోచం ఇంకా కొందరిలో చూస్తున్నాను. తరతరాలుగా ఋషికుల్య నీళ్ళు తాగుతున్నవారు బయటివారు ఎట్లా అవుతారో నాకు బోధపడదు.

2005 సమాచార హక్కు చట్టం కింద కాగితాల నకళ్ళే కాదు, పని జరిగినచోటు స్వయంగా చూడవచ్చు. వాడిన సామగ్రి నమూనా కూడా ధ్రువీకరించి ఇమ్మని అడగవచ్చు. ఈ నమూనా సంగతి చాలామందికి తెలియదు. దరఖాస్తు రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు ముప్పై రోజులు. అర్జీ ఇక్కడ తెలుగులో చెల్లదు. ఒడియా, హిందీ, ఇంగ్లీషులలో ఏదైనా కావాలి. మన పిల్లలు బడిలో నేర్చిన ఒడియా అందుకు చాలు.