విషంలో ఈదే వేలెడు చేప

వేలెడంత చేప. కూరకు పెద్దగా పనికిరాదు, గాలానికి ఎరగా గుచ్చుతారంతే. పేరు అట్లాంటిక్ కిల్లీఫిష్. అమెరికా తూర్పు తీరంలోని ఉప్పునీటి చిత్తడి నేలల్లో దాని కాపురం. పుట్టినచోటు వదిలి దూరం పోదు.

ఆ తీరంలోనే ఉన్న న్యూ బెడ్‌ఫోర్డ్ రేవులోకి 1940ల నుంచి దశాబ్దాలపాటు ఫ్యాక్టరీల పీసీబీ విషం చేరింది. మామూలు కిల్లీఫిష్‌లైతే ఆ నీళ్లలో గుడ్డులోనే చచ్చిపోతాయి. అక్కడివి మాత్రం పిల్లాపాపలతో నిక్షేపంగా ఉన్నాయి!

ఎలా? 2016లో వెలువడిన ఓ పరిశోధన గుట్టు విప్పింది. నాలుగు కలుషిత తీరాలు, నాలుగు శుభ్రమైన తీరాల నుంచి తెచ్చిన 384 చేపల జన్యుపటాలను శాస్త్రవేత్తలు చదివారు. విషపు నీళ్ల చేపల్లో కొన్ని, మిగతావాటికన్నా 8,000 రెట్ల దాకా ఎక్కువ విషాన్ని తట్టుకుంటాయట. శరీరంలోకి విషం చేరగానే గగ్గోలు పెట్టే జన్యువుల మీట వాటిలో మొద్దుబారింది. నాలుగు కలుషిత తీరాల్లోనూ దాదాపు ఇదే కథ.

అలాగని ఏ చేపా విషానికి అలవాటుపడలేదు. లెక్కకు మిక్కిలిగా ఉండే ఈ జాతిలో జన్యువుల తేడాలూ ఎక్కువే. పనికొచ్చే తేడా ఉన్నవి బతికి పిల్లల్ని కన్నాయి. లేనివి పోయాయి.

'ప్రకృతే సర్దుకుంటుందిలే' అనుకుంటే పొరపాటు. తక్కువ సంఖ్యలో ఉండి, నిదానంగా పిల్లల్ని కనే జీవులకు అంత జన్యు సంపద ఉండదు, అంత వ్యవధీ దొరకదు. బతికిన చేపలే కళ్లకు కనిపిస్తాయి. పోయినవాటి లెక్క నీళ్లకే తెలుసు.