ఉరుళి కాంచన్‌లో మట్టిపట్టీ

పుణె నుంచి షోలాపూర్ రోడ్డు మీద 30 కిలోమీటర్లు వెళ్తే ఉరుళి కాంచన్. 1946 మార్చిలో గాంధీ ఇక్కడికొచ్చి నిసర్గోపచార (ప్రకృతి వైద్య) ఆశ్రమం మొదలుపెట్టారు. ముందు పుణె నగరంలోనే ప్రకృతి వైద్యం సాగించాలనుకున్నారు. పల్లెటూరి పేదవాడికి పట్నం వైద్యం అందదని తోచి, తానే పల్లెకు వచ్చారు. రోగుల్ని స్వయంగా చూసి ఎండలో కూర్చోమని, తొట్టిస్నానం చేయమని, పాలూ పళ్లరసాలూ తాగమని, రామనామం చెప్పుకోమని సలహా ఇచ్చేవారు.

నేను వెళ్లింది ఎన్నాళ్లుగానో వదలని అసిడిటీతో, నిద్రలేమితో. చేరగానే డాక్టరు పరీక్షించి, నేను వాడే మందులన్నీ రాసుకున్నారు. బీపీ మాత్ర మాత్రం ఆపొద్దని గట్టిగా చెప్పారు. ఆ మాటతోనే నాకు అక్కడ నమ్మకం కుదిరింది.

పొద్దున్నే పొట్టమీద, కళ్లమీద చల్లటి మట్టిపట్టీలు. తరువాత తొట్టిస్నానం: నడుం వరకు నీళ్లలో, కాళ్లు బయట, తడిగుడ్డతో పొత్తికడుపు మెల్లగా రుద్దుకుంటూ కూర్చోవాలి. జర్మనీవాడు లూయీ కూనే చెప్పిన పద్ధతి ఇది. ఆయన పుస్తకం 1894లోనే తెలుగులోకి వచ్చింది. కొద్ది రోజులకే నాకు కంటినిండా నిద్ర పట్టింది. మట్టి వల్లా, వేళకు తినడం వల్లా, ఫోను పక్కన పడేయడం వల్లా? విడదీసి చెప్పలేను. మనిషిని ముక్కలుగా చూడకపోవడమే ఈ వైద్యంలో నాకు నచ్చింది.

అలాగని అన్నిటికీ ఇదే మందు అనేవాళ్లతో నేను ఏకీభవించను. యెరవాడ జైల్లో ఉండగా గాంధీకి అపెండిసైటిస్ వస్తే, 1924 జనవరిలో పుణె ససూన్ ఆస్పత్రిలో కర్నల్ మ్యాడక్ ఆపరేషన్ చేశాడు. కోయాల్సినచోట కోయాల్సిందే.

నా పక్క మంచం పెద్దాయన షోలాపూర్ పద్మశాలి. తాతల కాలంలో తెలంగాణ నుంచి వలసపోయిన కుటుంబం. బతుకంతా పవర్‌లూమ్ మీదే గడిచింది. పొట్టమీద మట్టి ఆరుతుండగా అన్నాడు: “మట్టికేం పైసలు బిడ్డా? పండుకునుడుకే పైసలు. లూమ్ మీద పని చేసినన్ని దినాలు ఒక్కపారన్న రాలే. ఇప్పుడు కొడుకు సంపాదిస్తుండు, వచ్చిన.”

గాంధీ పల్లెకు తెచ్చిన వైద్యం కూలివాడికి ఇంకా ఎందుకు అందడంలేదో ఆయన మాటల్లో తెలిసింది. మట్టి, నీళ్లు, ఎండ ఊరికే వస్తాయి. పని మానుకునే తీరిక రాదు.

గాంధీ వెంట ఇక్కడికొచ్చిన యువకుడు మణిభాయ్ దేశాయ్ జీవితాంతం ఈ ఊళ్లోనే ఉండిపోయాడు. రోగం మూలం పేదరికంలో ఉందని ఆవుల పెంపకం, సేద్యం పట్టుకున్నాడు. ఆ పని కోసమే 1967లో ఇక్కడ ‘బైఫ్’ సంస్థ స్థాపించాడు, 1982లో మెగసెసే అవార్డు అందుకున్నాడు. పాడి ఉన్న ఇంట్లో పిల్లలకు పాలుంటాయి, జబ్బుపడినవాడు నాలుగు రోజులు పడుకోగలడు. ఆ పశువుల పనిని కూడా నేను ఆశ్రమ చికిత్సలోనే లెక్కవేస్తాను.