జడ్డిగం నేర్పిన లెక్క

వాన పడింది, నేల పదునెక్కింది... ఇక ఆగడానికి లేదు. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఈ మాట ఏ రైతుకూ ఎవరూ చెప్పక్కర్లేదు. ఎర్రనేలలో తడి నాలుగు రోజులు నిలిస్తే గొప్పే. ఆలోపే వేరుశనగ విత్తనం భూమిలో పడాలి. పడితే చాలదు, సమానంగా పడాలి. ఒకచోట గుత్తులుగా, మరోచోట బోసిగా మొలిస్తే దిగుబడికి అక్కడే గండి పడినట్టు.

ఒకప్పుడు ఈ భారమంతా ఎక్కువగా ఆడవాళ్ల వేళ్లదే. గొర్రు మీద కొయ్య జడ్డిగం, దాని కన్నాల నుంచి సాళ్లలోకి దిగే వెదురు గొట్టాలు. ముందు ఎద్దులు, వెనక ఒడి నిండా గింజలతో నడిచే మనిషి. ఎద్దుల నడక ఎంతో చేతి వేగమూ అంతే ఉండాలి. ఈ పనిముట్టు మనకు నిన్న మొన్న వచ్చింది కాదు. 1790ల్లో థామస్ హాల్కాట్ అనే ఆంగ్లేయ కెప్టెన్ దక్షిణాదిలో గొర్రును చూసి ఆశ్చర్యపోయాడు. విత్తే యంత్రం యూరప్‌ వాళ్ల కొత్త సృష్టి అని అప్పటిదాకా అనుకున్నాడట! ఆయన రాతలను ధరంపాల్ 1971లో తన పుస్తకంలో మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

ఇప్పుడు ఎద్దుల స్థానంలో ట్రాక్టరు, వేళ్ల స్థానంలో గుంతల పళ్లెం. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన విత్తే యంత్రాల్లోనూ ఇలాంటి ఏటవాలు పళ్లేలే ఉంటాయి. చక్రం తిరిగితే పళ్లెం తిరుగుతుంది. ఒక్కో గుంత ఒక్కో గింజను ఎత్తి గొట్టంలో వేస్తుంది. చెప్పడానికి ఇంతే. కానీ గింజ లావైతే గుంత ఖాళీగా వెళుతుంది, సన్నదైతే రెండు ఎక్కుతాయి. పొలంలో దిగాక ఇది కంటికి కనబడదు. వారం పదిరోజులకు మొలకలు వచ్చాకే తెలుస్తుంది. అప్పటికి పదును ఉండదు.

అందుకే మాధవరంలోని ఒక రైతు ఇంట్లో వానకు ముందే పరీక్ష మొదలవుతుంది. యంత్రాన్ని దిమ్మెల మీదికి ఎత్తి, ఒక్కో గొట్టానికి ఒక్కో సంచి కడతారు. చక్రం చుట్టుకొలత మీటరున్నర. 20 చుట్లు తిప్పితే పొలంలో 30 మీటర్లు నడిచినట్టు. సాలులో 10 సెంటీమీటర్లకు ఒక గింజ చొప్పున ప్రతి సంచిలో 300 పడాలి. నూరు గింజలు 40 గ్రాములు తూగే రకమైతే 120 గ్రాములు. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు వదిలితే ఎకరాకు దాదాపు 54 కిలోలు.

సంచులు తూచేది ఆ ఇంటి ఇల్లాలే. పెళ్లయిన కొత్తలో జడ్డిగం పట్టిన చెయ్యి అది. ‘‘నాలుగోది తక్కువేస్తాంది తమ్ముడూ, 95 గ్రాములే వచ్చినాయి’’ అంటుంది మెకానిక్‌తో. అంటే అరవైకి పైగా మొక్కలు లేనట్టే. ‘‘గుంతలు చిన్నగుండాయి వదినా’’ అంటూ అతను పళ్లెం ఊడదీసి ఆకురాయి పడతాడు. కొంచెం అరగదీయడం, మళ్లీ తిప్పడం, మళ్లీ తూచడం... ఎక్కువ అరిగితే పళ్లెం పనికిరాదు మరి. ఒక గొట్టంలో గింజలు ఎక్కువ పడితే అదనపు గింజలను తోసే బ్రష్ అరిగిందేమో చూస్తారు. చక్రం జారకుండా ఇనుప పళ్లు వెల్డింగ్ చేయిస్తారు. విత్తనాన్ని జల్లెడ పట్టి ఒకే సైజు చేస్తారు. మందు పట్టించిన గింజను నీడలో ఆరబెడతారు, తడిగా ఉంటే గుంతల్లో అతుక్కుంటుంది. పెట్టెలో విత్తనం అడుగంటకముందే మళ్లీ పోయాలనేది ఆమె పెట్టిన నియమం.

ఇంత చాదస్తం ఎందుకంటే... రెండోసారి విత్తనం కొనాలంటే అప్పు చేయాల్సిందే. పంట పోతే ఏమవుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. తలుపులకు తాళాలేసి, పిల్లల చదువులు మాన్పించి గుంటూరు వైపు మిర్చి కోతలకు, పత్తి తీయడానికి వెళ్లే కుటుంబాలు ఈ పల్లెల్లో ఎన్నో. వాన ఎప్పుడు వస్తుందో రైతు చేతిలో లేదు. వచ్చిన రోజున గింజ ఎక్కడ పడాలో మాత్రం అతని చేతిలోనే ఉంది. ఒక పూట పని, ఒక తక్కెడ, ఒక ఆకురాయి... దానికి ఖర్చు ఇంతే!