నిత్యకర్మయే మూలం

శాస్త్రం కర్మలను విభజిస్తూ నిత్యం, నైమిత్తికం, కామ్యం, ప్రాయశ్చిత్తం అని చెబుతుంది. కామ్యకర్మ మానితే ఫలం రాదు, అంతే. నిత్యకర్మ మానితే ప్రత్యవాయం, అనగా దోషం కలుగుతుంది. ఈ భేదం యంత్రాలకు కూడా వర్తిస్తుంది.

హైదరాబాదు పాతబస్తీ ఉప్పుగూడలో నివసించే ఒక గృహస్థు ఇటీవల పాత హెచ్‌ఎంటీ 2511 ట్రాక్టరు కొన్నాడు. చెకోస్లోవేకియా జెటార్ సహకారంతో 1971లో హెచ్‌ఎంటీ ఉత్పత్తి ఆరంభించిన నమూనా అది. రెండు సిలిండర్లు, 25 అశ్వశక్తి. 2016లో ఆ సంస్థ ట్రాక్టరు విభాగం మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. కనుక విడిభాగాల కోసం పాత ఇనుము దుకాణాలు తిరగక తప్పలేదు.

ఆషాఢమాసపు బోనాలలో మహంకాళి అమ్మవారి ఫలహారం బండిని దీనితో లాగించాలని ఆయన సంకల్పం. పూర్వం ఎడ్లు లాగిన బండి అది. అందుకై ముందుగా రంగు వేయించబోయాడు. మరమ్మతు చేసే వృద్ధ ఉస్తాదు వారించాడు: "రంగుదేముంది సాబ్, ఎప్పుడైనా వేయొచ్చు. ముందు బ్రేకులు చూడండి."

పొలంలో చిన్న మలుపు తిరగడానికి ఒక వెనుక చక్రాన్నే నిలపవలసి ఉంటుంది. అందుకే ట్రాక్టరుకు రెండు బ్రేకు పెడళ్లు. రోడ్డు మీద ఆ రెండింటినీ కొక్కెంతో జతచేసి నడపాలి. ఈ బండికి జతచేసినా కుడి బ్రేకే పట్టింది, ఎడమది పట్టలేదు. గట్టిగా తొక్కితే బండి ఒక ప్రక్కకు లాగింది. ఇరుకు గల్లీలో, డప్పుల మధ్య, పిల్లలు ముందు నడిచేవేళ దాని పర్యవసానం చెప్పనక్కరలేదు. ఇంజన్ ఆయిలు సైతం పాలవలె తెల్లబారి ఉంది. నీరు కలిసినదానికి అది గుర్తు.

"అమ్మవారికి ఇచ్చిన మాట తప్పుతామా?" అని ఇల్లాలు కలతపడింది. అయినా ఆ ఏడు ఫలహారం బండి అద్దె వాహనంపైనే సాగింది. గృహస్థు కాలినడకన వెంట వెళ్లాడు.

ఇది మాట తప్పడం కాదు. అన్యుల ప్రాణాలను పణంగా పెట్టి తీర్చే మొక్కు సేవ కానేరదు. రంగు కామ్యం. ప్రతి ఉదయం ఆయిలు, నీటి మట్టం చూడడం నిత్యం. దుమ్ములో దున్నిన పిమ్మట ఎయిర్ క్లీనర్ కడిగి నూనె మార్చడం నైమిత్తికం. మరమ్మతు ప్రాయశ్చిత్తం, పూర్వపు యజమానులు విడిచిన నిత్యకర్మకు ఇప్పటి యజమాని చేయవలసినది.

సాధకుని స్థితియూ ఇంతే. విశేషపూజలకు ఉవ్విళ్లూరే మనస్సు సంధ్యావందనానికి బద్ధకిస్తుంది. నిత్యం నిలిచినచోటనే కామ్యం శోభిస్తుంది. విజయదశమికి ఆయుధపూజ చేసి యంత్రానికి కుంకుమ దిద్దేవారు, తక్కిన దినాలలో దాని ఆయిలు చూడడం కూడా ఆ పూజలో భాగమని గ్రహింతురు గాక.

స్వస్తి.