ఆటది కాదు లోపం

ఇంట్లో ఒక వస్తువు పాడైతే దాని గురించి ఎవరు మాట్లాడాలి, ఎవరి మాట నమ్మాలి అన్నది మన ఇళ్లల్లో ఎప్పుడో తేలిపోయిన విషయం. మిక్సీ అయితే ఆడవాళ్లు మాట్లాడొచ్చు. గ్యాస్ స్టవ్ అయినా ఫర్వాలేదు. మోటారు, ఇన్వర్టరు, కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి మాత్రం "సార్ లేరా మేడమ్?" అన్న ప్రశ్న మొదలవుతుంది. ఆ వస్తువుని రోజుకి పది గంటలు వాడేది మనమే అయినా, అది ఎప్పుడు ఎలా మొరాయిస్తుందో తెలిసింది మనకే అయినా, మనం చెప్పేది ఫిర్యాదు కింద జమ అవుతుంది తప్ప సమాచారం కింద కాదు. గత వేసవిలో మూడు వారాల పాటు నా డెస్క్‌టాప్‌తో పడ్డ పాట్లు ఈ సంగతిని నాకు కొత్తగా చూపించాయి. అందుకే రాయాలన్పించింది.

నేను సాహిత్యంలో పిహెచ్‌డి చేశాను. పాత తెలుగు స్త్రీల పత్రికలు నా పరిశోధన. 1902లో మొదలైన 'హిందూ సుందరి', 1928లో మొదలైన 'గృహలక్ష్మి' లాంటి పత్రికల పేజీలు స్కాన్ చేసినవి వేలల్లో నా కంప్యూటర్లో ఉన్నాయి. పగలంతా వాటిని చదవడం, నోట్సు రాసుకోవడం. రాత్రి వంటిల్లు సర్ది, అమ్మకి మందులిచ్చి, పదిన్నర దాటాక అదే కంప్యూటర్లో ఓ గంట ఆట ఆడతాను.

అవును, ఆటే. 'హొరైజన్ జీరో డాన్' అని, 2017లో ప్లేస్టేషన్‌కీ, 2020లో కంప్యూటర్‌కీ వచ్చింది. అందులో ఏలోయ్ అనే అమ్మాయి యంత్రాల్ని వేటాడుతూ, కూలిపోయిన పాత లోకం వదిలి వెళ్లిన గొంతుల్ని వింటూ తిరుగుతుంది. తల్లెవరో తెలియదు కాబట్టి ఆమెని పసితనంలోనే తెగ వెలివేస్తుంది. ఆ తెగని నడిపేది మాత్రం ఆడవాళ్లే. తల్లుల రాజ్యంలో తల్లిలేని పిల్లకి చోటు లేకపోవడం గురించి నేను చాలా రాత్రులు ఆలోచించాను. "ముప్పై నాలుగేళ్లొచ్చి ఈ ఆటలేంటే" అని అమ్మ అంటుంది. తమ్ముడు పండక్కి వచ్చి తెల్లవార్లూ క్రికెట్ చూస్తే మాత్రం "పాపం, వారమంతా కష్టపడతాడు" అంటుంది.

మన దేశంలో 2019లో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. అయిదేళ్లలో మనకి మిగిలింది పది నిమిషాలు! అందుకే రాత్రి పదిన్నర తర్వాత వచ్చే ఆ గంట నాకు చిన్న విషయం కాదు. సరిగ్గా ఆ గంటలోనే నా కంప్యూటర్ ఆగిపోవడం మొదలుపెట్టింది.

ఆగిపోవడం అంటే ఆరిపోయి ఊరుకోవడం కాదు. ఏలోయ్ ఓ పెద్ద యంత్రం ముందు నిలబడి ఉండగా తెర నల్లబడుతుంది. రెండు క్షణాల్లో ఫ్యాన్లు మళ్లీ తిరుగుతాయి. విండోస్ ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదలవుతుంది. పగలు ఎన్ని గంటలు పని చేసినా, సినిమా చూసినా ఏమీ కాదు. ఆటలోనే, పది నుంచి ఇరవై నిమిషాల్లోపు. నా భయం ఆట గురించి మాత్రమే కాదు. ఇలా అర్ధాంతరంగా ఆరిపోయే కంప్యూటర్లో ఫైళ్లు చెడిపోవచ్చు. గ్రంథాలయాల్లో పొడైపోతున్న కాగితాల నుంచి తీసుకున్న పేజీలవి. ముందుగా వాటన్నిటినీ బయటి డిస్కులోకి ఎక్కించాను. తర్వాతే మెకానిక్‌కి ఫోన్ చేశాను.

ఆయన వచ్చిన రోజు తమ్ముడు కూడా ఇంట్లో ఉన్నాడు. "గేములెవరాడతారు మేడమ్? బాబా?" అనడిగాడు. నేనే అన్నాను. చిన్నగా నవ్వి తమ్ముడి వైపు తిరిగాడు. అక్కణ్ణించి సంభాషణంతా వాళ్లిద్దరి మధ్యే. "హీటైపోతుంది సార్. గేములాడితే ఏ సిస్టమైనా ఇంతే." బ్యాంకులో పనిచేసే తమ్ముడికి ర్యామ్ ఏదో చూపించమంటే చూపించలేడు. అయినా తలూపాడు. విండోస్ తీసేసి మళ్లీ ఎక్కించి, అయిదు వందలు తీసుకుని వెళ్లాడు. మూడో రోజు రాత్రి మళ్లీ అదే. ఫోన్ చేస్తే, "మీకెందుకు మేడమ్ గేములు? మానేయండి, సిస్టమ్ బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నాడు.

ఆయన మీద నాకు కోపం లేదు. రోజుకి పది ఇళ్లు తిరిగే మనిషి, ఒక్కో ఇంట్లో గంట కూర్చునే వీలు ఆయనకి లేదు. నన్ను ఆపేసింది ఆ తర్కం. ఆడుతున్నప్పుడు ఆగిపోతోంది కాబట్టి ఆటే కారణం. ఆట మానేస్తే లోపం కనపడదు. కనపడకపోతే లేనట్టే!

పరిశోధకురాలిగా నాకు తెలిసిన పని ఒకటే: ఆధారాలు పోగేయడం, చదవడం. ఓ నోట్‌బుక్ పెట్టాను. తేదీ, టైము, ఆటలో ఏ చోట, గదిలో ఏసీ ఉందా, ఫ్రిజ్ మోటారు తిరుగుతోందా, అన్నీ రాశాను.

మొదటి ప్రశ్న: ఆగేముందు విండోస్ ఏమైనా చెప్పాలనుకుంటోందా? విండోస్‌లో పెద్ద లోపం వస్తే నీలి తెర మీద కారణం రాస్తుంది. కానీ వెంటనే తనంతట తాను రీస్టార్ట్ అయ్యే ఏర్పాటు ముందే ఉండటం వల్ల దాన్ని చదివే వ్యవధి మనకుండదు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో స్టార్టప్ అండ్ రికవరీ దగ్గర 'ఆటోమేటిక్‌గా రీస్టార్ట్' అన్నచోట టిక్కు తీసేశాను. నీలి తెర రాలేదు. అంటే ఏదో జరుగుతోందని విండోస్‌కే తెలియడం లేదు.

రెండోది ఈవెంట్ వ్యూయర్. కంప్యూటర్ తన దినచర్య రాసుకునే చోటు. ప్రతి రీస్టార్ట్ దగ్గరా ఒకే ఎంట్రీ: కెర్నల్-పవర్ 41. సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే సిస్టమ్ మళ్లీ మొదలైందని దాని అర్థం. చాలామంది దీన్నే జబ్బు పేరనుకుంటారు. కాదు. ఆ వాక్యం పోయేముందు రాసింది కాదు, మేలుకున్నాక రాసుకున్నది. "నేను పడిపోయాను, ఎందుకో తెలీదు" అని మాత్రమే. దాని లోపల బగ్‌చెక్ కోడ్ అన్నచోట సున్నా ఉంది. కారణం రాసుకునే క్షణం కూడా దొరకలేదన్నమాట. పాత పత్రికల్లో మూడు సంచికలు వరసగా రాసి, హఠాత్తుగా కనపడకుండా పోయే రచయిత్రుల్ని చదివే అలవాటు నాకుంది. ఆ ఖాళీకి కారణం ఆ పేజీల్లో ఉండదు, ఆ పేజీల బయట వెతకాలి. ఇక్కడా అంతే.

మూడోది వేడి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో రెండు సెకన్లకోసారి ఉష్ణోగ్రతలు ఫైల్లోకి ఎక్కేలా పెట్టాను. ఆగిపోయే ముందు చివరి వరసలో ప్రాసెసర్ 71 డిగ్రీలు, గ్రాఫిక్స్ కార్డు 68. ఇప్పటి ప్రాసెసర్లు చాలావరకు 90 నుంచి 100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అక్కడికి మనం దరిదాపుల్లో లేము. 'హీటైపోతుంది' అన్న మాట అక్కడితో సరి. నాలుగోది ర్యామ్. మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపితే ఒక్క తప్పూ లేదు. అయిదోది యూపీఎస్. దాని మీద 600 వీఏ అని ఉన్నా, అది నిజంగా ఇవ్వగలిగేది 360 వాట్లే. ఎర్తింగ్ ఉన్న గోడ ప్లగ్గుకే నేరుగా పెట్టి ఆడాను. పదకొండో నిమిషంలో ఆగిపోయింది.

ఆరో పరీక్షతో దారి దొరికింది. గ్రాఫిక్స్ కార్డు తీసుకునే కరెంటుకి ఓ హద్దు పెట్టొచ్చు. 70 శాతానికి తగ్గించాను. మూడు గంటలు ఆడినా ఏమీ కాలేదు! హద్దు తీసేస్తే మళ్లీ ఆగింది. మెకానిక్ చెప్పిన 'మానేయండి'కీ దీనికీ పైకి తేడా లేదు. రెండూ బరువు తగ్గించడమే. కానీ ఆయనకి అది వైద్యం, నాకది పరీక్ష మాత్రమే. బరువు తగ్గిస్తే నిలబడుతోందంటే, ఆ బరువుకి సరిపడా బలం అందడం లేదని అర్థం. చూడాల్సింది బలం ఇచ్చే చోటు.

పెట్టె పక్క రేకు విప్పి ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదివాను. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని కంప్యూటర్‌కి కావలసిన చిన్న వోల్టుల్లోకి మార్చే డబ్బా అది. పైన పెద్ద అక్షరాల్లో 450 అని ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు. పన్నెండు పద్దెనిమిదులు 216. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేది ఈ 12 వోల్టుల లైన్లోంచే. నా ప్రాసెసర్‌కి 65 వాట్లు, కార్డుకి 170. మొత్తం 235. అదీ సగటు లెక్క. గ్రాఫిక్స్ కార్డులు కొన్ని మిల్లీసెకన్ల పాటు సగటుకి చాలా మించి లాగుతాయి. రెండు సెకన్లకోసారి చూసే మీటరుకి అది కనపడదు. 2022లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణాలు ఈ క్షణికమైన లాగుడుని తట్టుకోవాలని ప్రత్యేకంగా చెప్పాయి.

ఆ లాగుడుకి 12 వోల్టులు కిందికి జారినప్పుడు, 'కరెంటు బాగానే ఉంది' అని ఎస్‌ఎంపీఎస్ మదర్‌బోర్డుకి పంపుతుండే సంకేతం ఆగుతుంది. మదర్‌బోర్డు అన్నీ ఆపేస్తుంది. ఆపగానే బరువు పోతుంది, సంకేతం తిరిగొస్తుంది, కంప్యూటర్ మళ్లీ లేస్తుంది. అందుకే రీస్టార్ట్. ఆరిపోవడం కాదు, సొమ్మసిల్లి లేవడం.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి, 650 వాట్లది, 12 వోల్టుల దగ్గర 54 ఆంపియర్లు రాసి ఉన్నది కొన్నాను. అంటే ఆ ఒక్క లైన్లోనే 648 వాట్లు. ప్లగ్గు పీకి, నాలుగు స్క్రూలు విప్పి, మదర్‌బోర్డుకి 24 పిన్నులది, ప్రాసెసర్‌కి ఎనిమిది పిన్నులది, కార్డుకి ఎనిమిది పిన్నులది, దేని చోట్లో అది పెట్టాను. నలభై నిమిషాల పని. ఎవరైనా చేయొచ్చు. ఆ డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పకూడదు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలవుంటుంది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా కంప్యూటర్ ఆటలో ఒక్కసారీ ఆగలేదు.

ఆడవాళ్లు యంత్రం లోపాన్ని పట్టుకోవడం కొత్తేమీ కాదు. అమెరికాలో 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాసింది ఆరుగురు ఆడవాళ్లు: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. సుమారు 18 వేల వాక్యూమ్ ట్యూబులున్న ఆ యంత్రం ఆగిపోతే, పాడైన ట్యూబు ఎక్కడుందో దాదాపు చెప్పగలిగేవాళ్లు. లెక్కా తెలుసు, యంత్రమూ తెలుసు కాబట్టి. ప్రదర్శన రోజు రాత్రి విందుకి మాత్రం వాళ్లని పిలవలేదు. వాళ్ల పేర్లు లోకానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది.

ఈ మూడు వారాల్లో నా మనసులో తిరిగింది నాతో పాటు పరిశోధన మొదలుపెట్టిన ఒక స్నేహితురాలు. పొద్దున్నే అత్తగారింట్లో అందరికీ వండి, రెండు బస్సులు మారి యూనివర్సిటీకి వచ్చేది. ఒకరోజు లైబ్రరీ మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. పరీక్ష చేస్తే రక్తంలో హిమోగ్లోబిన్ ఏడు. ఇంట్లో వాళ్లు ప్రేమగానే చెప్పారు: "ఈ చదువు నీ ఒంటికి పడటం లేదమ్మా, మానేయ్." మానేసింది. పడిపోవడం ఆగింది. అందరూ చదువే కారణమని నిర్ధారించుకున్నారు. ఆమె ఏం తింటోందో, ఎప్పుడు తింటోందో ఎవరూ చూడలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. ఇంతమంది ఒంట్లోనూ చదువే లోపమా?

ఆడపిల్ల చదువు, ఉద్యోగం, ఆట, ఉద్యమం - వీటిల్లో ఏదో ఒకటి చేస్తున్నప్పుడే తడబడుతుంది. ఎందుకంటే ఉన్న బలం ఎంతో బయటపడేది బరువు పడ్డప్పుడే. అప్పుడు మనం తీసేసేది ఆ కొత్త బరువునే. 289 నిమిషాల పాత బరువు ఎవరి లెక్కలోకీ రాదు. స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో 'మా ఇంట్లో ఆడపిల్లకి ఏ లోటూ లేదు' అని ఉంటుంది. కింది చిన్న పట్టికని ఎవరూ చదవరు.

ఈసారి మన ఇంట్లో, మన తరగతిలో, మన ఆఫీసులో ఒకమ్మాయి మధ్యలో ఆగిపోతే, ఏం మానేయాలో చెప్పేముందు ఆమెకి ఏం అందుతోందో అడుగుదాం. ఆమె చెప్పింది రాసుకుందాం, తేదీతో సహా.